మా టపా తాత చేసిన సమ్మె

మా టపా తాత పోయాడన్న కబురు నాకు టపాలో రాలేదు. చేపల గంపతో వచ్చింది. ఏలూరులో నేను పనిచేసే కాన్వెంటు వంటింటికి మా లంక నుంచి చేపలు తెచ్చే ఆమె గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "టపా తాత కోడికూతకి పోయాడండి. ముదినేపల్లి నుంచి కూతురు రావాలని ఉంచారు. మీకు చెప్పమని మామ్మ మరీ మరీ చెప్పిందండి" అంది. తరవాత, రోజూలాగే, చేపలు ఎన్ని కావాలని వంటమనిషిని అడిగింది.

నేను మదర్ దగ్గర సెలవు తీసుకుని బస్సెక్కాను. మా నాన్న రాసిన కార్డు మూడు రోజుల తరవాత ఏలూరు చేరింది. అందులోనూ అదే ఉంది, ఇంకా తక్కువ మాటల్లో.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయనకి పేరుండేది. జీతం పుస్తకంలో ఉండేది, ఉద్యోగంలోంచి తీసేసిన ఆర్డరులో ఉండేది. మా లంకలో మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. టపా తెచ్చేవాడు కనక టపా తాత. తెల్లజుట్టు రాకముందు టపా మావ అనేవారట. ఆయన భార్య మా అందరికీ మామ్మ.

తెలియనివారి కోసం మా ఊరి సంగతి చెప్పాలి. కొల్లేటి మధ్య ఒక మట్టిదిబ్బ మీద నూరు గడప. వానాకాలం చుట్టూ నీళ్ళు, వేసవిలో చుట్టూ బురద, రెండు కాలాల్లోనూ కిక్కిస గడ్డి. మా నాన్న అక్కడి బడికి మేష్టారు. మా ఇంటి అరుగు మీద ఒక మూల బల్ల, తూకం, స్టాంపుల డబ్బా పెట్టుకుని పోస్టుమాస్టరు కూడా ఆయనే. ఆ అరుగుకీ, కొల్లేటి ఒడ్డున గట్టు మీద ఉన్న పై ఆఫీసుకీ మధ్య సంచి మోసే రన్నరు తాత. పొద్దున్నే మా సంచి తీసుకుని దోనెలో వెళ్ళేవాడు, మధ్యాహ్నం బడి గంట కొట్టే వేళకి వాళ్ళ సంచితో వచ్చేవాడు. నీళ్ళు లేని నెలల్లో మోకాలి లోతు బురదలో నడిచేవాడు. అలా ఇరవయ్యారేళ్ళు.

దోనె ముక్కుకి ఒక ఇత్తడి గంట కట్టి ఉండేది. రన్నరుకి పూర్వం ఇచ్చిన గంట అది, నడిచేటప్పుడు కర్రకి కట్టుకునేది. తాత దాన్ని దోనెకి కట్టాడు. ఆ చప్పుడు వినగానే దిబ్బ అంచున ఇళ్ళలోని ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ నీటి దాకా వచ్చేవారు. "తాతా, మాకేవన్నా ఉందా?" అని అరిచేవారు. ఉంటే ఉందనేవాడు. లేకపోతే లేదనేవాడు కాదు. "దారిలో ఉందండి" అనేవాడు.

అందరికంటే చివరి ఇంట్లో ఒక ముసలమ్మ ఉంది. కొడుకు రంగూన్ వెళ్ళాడు, యుద్ధం ముందు. ఆమె రోజూ అడిగేది. తాత రోజూ అదే చెప్పేవాడు. ఒకసారి నేను దోనెలో ఉండగా, ఆమె వినపడనంత దూరం వచ్చాక, "లేదని చెప్పెయ్యొచ్చు కదా తాతా" అన్నాను.

"నాకేం తెలుసండి లేదని? నేను సంచి సంగతి చెప్పగలను గాని సముద్రం సంగతి చెప్పలేను కదండీ" అన్నాడు.

నన్ను పదో ఏట ఏలూరు కాన్వెంటులో వేశారు. సెలవులకి వచ్చినా పోయినా గట్టు దాకా తాత దోనెలోనే ప్రయాణం. నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. రేవులో ఆడవాళ్ళు, "మేష్టారి పిల్లకి ఇంగ్లీషొచ్చాక తెలుగు పోయిందా ఏంటి, నోరే లేదు" అని నవ్వేవారు. "ఉందండి. దాచుకుంటన్నారు" అనేవాడు తాత, వెదురు గడ వేసి దోనె తోస్తూ. తను కూడా నన్ను మాట్లాడమని అనలేదు. అందువల్లే కావచ్చు, నేను మాట్లాడింది ఆయనతో.

సెలవుల్లో సిస్టరు నాకు లైబ్రరీ పుస్తకాలు టపాలో పంపేది. వానలో తాత తాటాకు గొడుగు సంచి మీద పట్టి తను తడుస్తూ వచ్చేవాడు. మా అమ్మ కోప్పడితే, "మనిషి తడిస్తే ఆరతాడండి. ఉత్తరం ఆరదండి" అనేవాడు. పుస్తకం నా చేతికిచ్చి వారం ఆగి, "అందులో ఏం జరిగిందండి?" అని అడిగేవాడు. నేను కథ చెప్పేదాన్ని. ఆయనకి చదువు రాదు గాని కథలో ఎవరేం దాచారో ఇట్టే పట్టుకునేవాడు. ఒక కథలో ఒక మనిషి మీద లేనిపోని నింద పడుతుంది, తెలిసినవాళ్ళు తెలిసి కూడా ఊరుకుంటారు. తాత గడ ఆపి, "అంతమంది చదువుకున్నోళ్ళు ఉండి ఒక్కరూ నోరిప్పలేదా అండి?" అన్నాడు. అది కథ తాతా అన్నాను.

రెండేళ్ళ కిందట వానాకాలంలో దేశమంతా టపా తంతి ఉద్యోగులూ ఇంకా ఎందరో గవర్నమెంటు నౌకర్లూ సమ్మె చేస్తారన్నారు. జీతాల గురించి, పింఛన్ల గురించి. కోరికల పట్టీ చాలా పొడుగని పేపర్లో చదివాను. మా తాత దాకా వచ్చింది ఒకటే. ఆయనకి రావలసింది చాలా చిన్న పింఛను. వయసులో ఉండగా చేసిన ఏళ్ళన్నీ టెంపరరీ కింద రాశారు కనక అవి సరిగ్గా లెక్కకు రావు. వాటిని కూడా కలపాలన్నది సమ్మె కోరికల్లో ఒకటి. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోవడానికి అప్పటికి ఎనిమిది నెలలే ఉంది. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో ముసలితనంలో ఒక మనిషికి వల తప్ప ఇంకో ఆధారం ఉండాలంటే అదే.

దాని కోసం తాడేపల్లిగూడెంలో ఒక సభ పెట్టారు. తాత వెళ్ళాడు. ఆయన పుట్టాక ఎక్కిన రైలు అదొక్కటే. వచ్చాక మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"దెందులూరు దాకా కళ్ళు మూసుకున్నానండి. తరవాత బానే ఉంది. సభలో సెక్రటరీ గారు మాట్లాడారండి. గుండె ఆగిపోద్దన్నారు. నాకు భయమేసి పక్కాయన్ని ఎవరికండీ అనడిగాను. దేశానికంట."

మా నాన్న నవ్వారు. "నీతో ఏమన్నా మాట్లాడాడా?"

"చెయ్యి పట్టుకున్నారండి! ఈయన కొల్లేట్లోంచి వచ్చాడు చూడండని అందరికీ చూపించారు. నీచుకంపండీ అన్నాను. పర్లేదన్నారు. తరవాత రుమాలుకి తుడుచుకున్నారనుకోండి, అదేరే సంగతి."

ఆ సెక్రటరీ గారు ఒక పెద్ద ఊళ్ళో ఫ్యాను కింద కూర్చునే గుమాస్తా. ఆయన రన్నర్లకి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాడట. సమ్మె రోజుల్లో గవర్నమెంటువాళ్ళు పుకార్లు పుట్టిస్తారు, సమ్మె ఆగిపోయిందంటారు, ఎవరేం చెప్పినా నమ్మకండి, సంఘం కాగితం మీ చేతికందేదాకా కదలకండి. తాత ఆ మాటని సంచి మూతి కట్టినంత గట్టిగా కట్టుకుని వచ్చాడు.

సమ్మె ముందు రోజు మధ్యాహ్నం సంచి తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నుంచున్నాడు.

"మేష్టారండీ, రేపట్నుంచి సమ్మెండి."

"నువ్వొక్కడివి చేస్తే ఏమవుతుంది తాతా?" అన్నారు నాన్న.

"ఒక్కణ్ణి కాదండి. దేశం మొత్తం చేస్తందండి."

దోనె గంట విప్పి, గుడ్డలో చుట్టి, ఇంటికి తీసుకుపోయి మామ్మకిచ్చాడు. పొరపాటున గాలికి మోగినా సమ్మె చెడుతుందని.

ఆ సాయంత్రమే ఢిల్లీలో పెద్దవాళ్ళు కూర్చుని సమ్మె మానుకున్నారు. ఎందుకు మానుకున్నారో పేపర్లో రెండు కాలాల నిండా ఉంది. నేను రెండుసార్లు చదివాను, అర్థం కాలేదు. ఇంగ్లీషు కష్టమైనదేం కాదు. ఆ కబురు పెద్ద ఆఫీసులకి తంతిలో వచ్చింది. సంఘంవాళ్ళు మాలాంటి చిన్న ఊళ్ళకి కాగితం టపాలో వేశారు. మా ఊరి కాగితం గట్టు మీది ఆఫీసులో మా సంచిలో పడింది. ఆ సంచి తేవలసిన మనిషి సమ్మెలో ఉన్నాడు. ఇందులో తప్పేమిటో సెక్రటరీ గారికి ఇప్పటికీ తట్టినట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే తాత ఉతికిన పంచె కట్టుకుని, రోజూ వచ్చే వేళకే రేవుకి వచ్చి, దోనె పక్కన గొంతుక్కూచున్నాడు. మధ్యాహ్నం సంచితో తిరిగొచ్చే వేళ దాకా కూర్చుని, లేచి, ఇంటికి వెళ్ళాడు. సమ్మె చెయ్యడానికి కూడా టైముకి వచ్చాడు. మా ఇంటి అరుగు రేవుకి ఎదురే. స్తంభం చాటున చేతిలో పుస్తకంతో నేను చూస్తూనే ఉన్నాను.

చేపలు అమ్మి గట్టు నుంచి తిరిగొచ్చిన వాళ్ళు దోనెలు కడుతూ ఆయన్ని ఆడించారు.

"తాతా, ఆఫీసు తెరిచే ఉంది. లోపల అందరూ టీ తాగుతున్నారు."

"పుకారయ్యా. సెక్రటరీ గారు ముందే చెప్పారు."

"నా కళ్ళతో చూశాను తాతా! కార్డు కూడా కొనుక్కొచ్చాను, ఇదుగో."

"కార్డు కాదయ్యా. సంఘం కాగితం రావాలి."

"ఆ కాగితం నీ సంచిలోనే ఉంటది! నువ్వెళ్తేనే గదా వచ్చేది!"

"నేనెళ్తే ఇంక సమ్మె ఎక్కడుంటదిరా?"

రేవంతా నవ్వింది. గంప ఎత్తుకున్న ఒకామె నవ్వు ఆపుకోలేక గంప దించేసింది. స్తంభం చాటున నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించి నేను గర్వపడను.

రెండో రోజు నాన్న వెళ్ళి బతిమాలారు. తాత లేచి నుంచుని విన్నాడు, మళ్ళీ కూర్చున్నాడు. మూడో రోజు నాన్నకి భయం పట్టుకుంది. సంచి కదలని సంగతి పైకి రాయకపోతే తన పోస్టుమాస్టరు పని పోతుంది. పై ఆఫీసుకి ఏం రాసినా ఇంగ్లీషులో రాయాలి. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను కాన్వెంటు చదువు ముగించి అప్పుడు ఇంట్లోనే ఉన్నాను.

"ఒక ముక్క రాసిపెట్టమ్మా" అన్నారు.

రాశాను. రన్నరు మూడు రోజులుగా సెలవు పెట్టకుండా రాలేదని రాశాను. 'ఆబ్సెంట్ వితవుట్ లీవ్.' కాన్వెంటు హాజరు పుస్తకంలో మదర్ ఎర్రసిరాతో రాసే మాట అది. ఆ మాట వాడే అవకాశం వచ్చిందని నాకు సంతోషం కలిగింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. నాన్న దాన్ని చేపల గంపలో గట్టుకి పంపారు.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు గారు బాడుగ దోనెలో మూడు రోజుల సంచి తనే పట్టుకుని వచ్చారు. నాన్న సంచి విప్పి, సంఘం కాగితం తీసి తాత చేతికిచ్చారు. తాత నాకిచ్చాడు. నేను చదివాను. సమ్మె వాయిదా వేశాం, అందరూ ఎప్పటిలాగే పనిలో ఉండాలి అని సెక్రటరీ గారి సంతకం.

"తారీఖు ఏంటండి?"

చెప్పాను. సమ్మె మొదలవడానికి ముందు రోజు.

"ఇంకోసారి చదవండి."

చదివాను. తాత కాసేపు సంచి వంక చూశాడు. ఇంటికి వెళ్ళి గంట తెచ్చి దోనెకి కట్టాడు. మా సంచి భుజాన వేసుకుని, "మూడు రోజుల ఉత్తరాలు ఆగిపోయాయండి, పాపం" అని గడ అందుకున్నాడు.

వారం తరవాత ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ వచ్చారు, విచారణకి. చెడ్డవాడు కాదు. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, తాతని అరుగు మీద కూర్చోమన్నారు. తాత నుంచునే ఉన్నాడు. గుంజ పక్కన మామ్మ.

"చూడు తాతా. సమ్మె చేశానన్నావంటే ఉద్యోగం పోతుంది. సెలవు పెట్టకుండా రాలేదంటే సర్వీసు తెగుతుంది, వెనకటి ఏళ్ళన్నీ కొట్టుకుపోతాయి, ఇంక పింఛను మాటే లేదు. జ్వరం వచ్చిందన్నావనుకో, ఏమీ పోదు. డాక్టరు కాగితం నేను చూసుకుంటాను. ఇదుగో, రాసే తెచ్చాను. వేలిముద్ర వెయ్యి."

"ఈ మూడిట్లో నేను చేసింది ఏదండి?" అన్నాడు తాత.

"నువ్వు చేసింది కాదయ్యా, నీకు పనికొచ్చేది చెబుతున్నాను."

"ఆయ్, తెలుస్తందండి. మీ దయ. కానండి, ఇరవయ్యారేళ్ళలో వచ్చిన జ్వరానికే మానలేదండి. రాని జ్వరానికి మానానంటే ఎలాగండి?"

మా నాన్నకి ఒళ్ళు మండింది. "నీ పెళ్ళాం మొహం చూసి వెయ్యి తాతా! రేపు నువ్వు వల లాగలేని రోజున ఏం తింటారు?"

మామ్మ తల ఎత్తలేదు. "ఆయన ఇష్టమండి" అంది.

తాత నా వైపు తిరిగాడు. "మొదటి కాగితం మీరే రాశారంట గదండీ అమ్మాయిగారూ. అందులో ఏమని రాశారండి?"

బల్ల మీది ఇంకు బిళ్ళ సర్దాను. చివరికి చెప్పాను. రాలేదని రాశానన్నాను.

"రాలేదనా?" అన్నాడు. కోపం లేదు. ఆశ్చర్యంగా అన్నాడు. "నేను రేవులోనే ఉన్నాను కదండీ. టైముకే వచ్చాను. మీరు చూశారు కదండీ."

చూశాను. మూడు రోజులూ చూశాను.

"మరైతే దిద్దండి."

నాన్న వద్దన్నారు. ఇన్‌స్పెక్టరు గారు, "అమ్మాయ్, నీకు తెలీదు, ఊరుకో" అన్నారు. నేను వాళ్ళ ఎదురుగా గొంతెత్తి మాట్లాడే మనిషిని కాదు, ఇప్పటికీ కాను. బల్ల దగ్గరికి వెళ్ళి తెల్లకాగితం తీసుకుని తాత మాటగా ఒక వాక్యం రాశాను. ఆ మూడు రోజులూ నేను సమ్మెలో ఉన్నాను. తాత దాన్ని తెలుగులో చెప్పించుకుని, ఇంకు బిళ్ళ మీద బొటనవేలు నొక్కి, నా అక్షరాల కింద ముద్ర వేశాడు. తరవాత ఆ వేలుని తలగుడ్డకి తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు జ్వరం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. జ్వరం ఇంకెవరికైనా పనికొస్తుంది.

నేను రాసిన రెండు వాక్యాల్లో మొదటిది ఆయన్ని ఇరుకున పెట్టింది, రెండోది ఆయన పింఛను తీసేసింది. రెండోదాని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నా నోరు నేను నొక్కుకుని ఉంటే ఆ ముసలి దంపతులకి నెలనెలా ఏదో ఒకటి వచ్చేదేమో. రాయనని అని ఉంటే తాత మళ్ళీ అడిగేవాడు కాదు. అది కూడా నాకు తెలుసు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఎవరు తెచ్చారని అడగండి. తాతే తెచ్చాడు. ఆ రోజు జోరువాన. తాటాకు గొడుగు సంచి మీద పట్టి, తను నిలువునా తడుస్తూ, తనని ఉద్యోగం నుంచి తీసేసిన కాగితాన్ని చుక్క నీరు పడకుండా తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. నాన్న విప్పి చూసి నాకిచ్చారు. నేను చదివి చెప్పాను.

"సమ్మె చేసినందుకని రాశారా అండి?"

"రాశారు తాతా."

"సరేనండి" అని గంట విప్పుకుని వెళ్ళాడు. గంట మాత్రం ఆఫీసువాళ్ళు అడగలేదు. ఆ గంట సంగతి వాళ్ళ కాగితాల్లో ఎక్కడా లేదు.

నేను సెక్రటరీ గారికి ఉత్తరం రాశాను. మూడు ఉత్తరాలకి ఒక జవాబు వచ్చింది, టైపు చేసి. సంఘం సమ్మె చేయలేదు కనక సమ్మె వల్ల ఎవరూ నష్టపోయినట్టు తాము భావించడం లేదట. సదరు వ్యక్తి చందా కట్టిన సభ్యుల పట్టీలో లేడట. అది ఆయన సొంత చర్య అట. సానుభూతి తెలిపారు. మా లంకలో మూడు రోజులు సమ్మె జరగలేదని సంఘం అంది. జరిగిందని ఒప్పుకున్నది గవర్నమెంటు ఒక్కటే.

ఆ ఏడే నేను ఏలూరు వెళ్ళిపోయాను. కాన్వెంటులో చిన్నపిల్లలకి పాఠాలు, లైబ్రరీ బీరువా తాళాలు. సెలవులకి వచ్చినప్పుడు తాతని చూసేదాన్ని. ఆ వయసులో మళ్ళీ మావులు పట్టుకుని నీళ్ళలో దిగాడు. చేపల కోసం వెదురుతో అల్లే బుట్టలవి, తెల్లవారుజామున చన్నీళ్ళలో దిగి తియ్యాలి. రేవులో వాళ్ళకి ఆయన పింఛను ఒక పరాచికం అయింది. "తాతా, పింఛను ఏమయింది?" అనేవాళ్ళు. "దారిలో ఉందయ్యా" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఒక్కసారి కూడా సెక్రటరీ గారిని తిట్టగా నేను వినలేదు. ఆ పని నాకు మిగిల్చాడు.

పోయినసారి వెళ్ళినప్పుడు, నేనిచ్చిన బత్తాయిపండు చేతిలో తిప్పుతూ, "ఇప్పుడు ఏం చదువుతున్నారండి? అందులో ఏం జరిగింది?" అని అడిగాడు. సగమే చదివాను తాతా, పూర్తయ్యాక చెబుతానన్నాను. పూర్తయింది. మంచి పుస్తకమే. ఆయన అడిగే ప్రశ్న ఏమిటో కూడా నాకు తెలుసు.

ఆయన జ్వరంతో పోయాడు. ఈసారి నిజమైన జ్వరం. దానికి ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

పెద్దకర్మ నాడు సెక్రటరీ గారు మా లంకకి వచ్చారు. ఇంకో ఇద్దరు, ఒక పూలదండ, ఒక ఫోటోగ్రాఫరు. దోనెలో ఒళ్ళు దగ్గరికి లాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. రేవులో దిగుతూనే రుమాలు ముక్కుకి పెట్టుకున్నారు. దండ వెయ్యడానికి తాత ఫోటో కావాలన్నారు. తాతకి ఫోటో లేదు. కాసేపు ఆలోచించి దండ దోనెకి వేశారు. ఫోటోగ్రాఫరు తీసుకున్నాడు.

తరవాత ఉపన్యాసం. దేశం మొత్తం వెనకడుగు వేసినా ఒంటరిగా నిలబడ్డ ధీరుడన్నారు. వెనకడుగు వేసింది ఎవరో చెప్పలేదు. తాత చూపిన బాటలో నడుస్తామన్నారు. ఆ బాటలో మోకాలి లోతు బురద ఉంటుందని ఆయన్ని ఎవరూ హెచ్చరించలేదు. మామ్మకి పింఛను ఇవ్వాలని తీర్మానం చేసి, రెండు నిమిషాలు మౌనంగా నుంచున్నారు. ఆ రెండు నిమిషాల్లో ఆయన వాచీ మూడుసార్లు చూసుకున్నారు.

మా కాన్వెంటుకి చేపలు తెచ్చే ఆమె చేతులు కట్టుకుని అంతా వింది. అయ్యాక అడిగింది. "ఏవండీ, ఇంతకీ ఆ సమ్మె అయినట్టాండి, కానట్టాండి?"

"అదీ... మీకు అర్థం కాదమ్మా, అదొక పెద్ద విషయం" అన్నారు సెక్రటరీ గారు.

"అవునండి. తాతకి అర్థమయింది చిన్న విషయమేనండి" అంది ఆమె. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు.

వెళ్ళబోతూ సెక్రటరీ గారు మా అరుగు దగ్గర ఆగారు. సంఘం ప్రత్యేక సంచిక వేస్తోందట. తాత గురించి నేను రెండు పేజీలు రాసిస్తే బాగుంటుందట. "మీరు కాన్వెంటులో చదివారు గదండీ, తెలుగులో రాయగలరా?" అని అడిగారు. రాయగలనన్నాను. "కొంచెం ఉద్రేకంగా ఉండాలండీ, కార్మికులు చదివేది" అన్నారు. ఆయన మూడేళ్ళ కిందట తాత చెయ్యి పట్టుకున్నారా, రెండేళ్ళ కిందటా అన్నది ఆయనకి గుర్తులేదు. అసలు పట్టుకున్నట్టే గుర్తులేదు.

ఇవే ఆ పేజీలు. ఉద్రేకం లేదు. ఆయన సంచికకి నేను పంపలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇది పెద్దకర్మకి ముందు, ఆయన పోయిన రోజున.

నేను చేరేటప్పటికి మధ్యాహ్నం దాటింది. కూతురు అప్పటికే వచ్చింది. తాతని చాప మీద పడుకోబెట్టి చేతులు గుండెల మీద పెట్టారు. కుడి బొటనవేలి గోట్లో కొల్లేటి మట్టి. నేను కాసేపు ఆ వేలు చూస్తూ కూర్చున్నాను. మా లంకలో వానాకాలం దహనానికి చోటు ఉండదు. పక్క దిబ్బకి నీళ్ళ మీద తీసుకుపోవాలి. ఆయన దోనెలోనే తీసుకెళ్దామన్నారు. మామ్మ లోపలికి వెళ్ళి గుడ్డమూట తెచ్చింది. విప్పి, గంట తీసి, అల్లుడి చేతికిచ్చి దోనెకి కట్టమంది. అతను కట్టాడు.

ఆడవాళ్ళం రేవులోనే ఉండిపోయాం. దోనె దిబ్బ అంచు వెంట కదిలింది. కొత్తగా వచ్చిన రన్నరు గంట కట్టడు, ఈల వేస్తాడు. ఆ చప్పుడు విని రెండేళ్ళయింది. అయినా ఒక్కొక్క ఇంట్లోంచీ ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ నీటి దాకా వచ్చారు. వచ్చి, దోనెలో ఉన్నదేమిటో చూసి, అలాగే నుంచుండిపోయారు.

చివరి ఇంటి ముసలమ్మకి ఇప్పుడు చూపు ఆనదు. తాత పోయిన సంగతి ఆమెకి ఎవరైనా చెప్పారో లేదో. నీళ్ళ మీద ఆమె గొంతు మా దాకా వినపడింది.

"టపా తాతా! మాకేవన్నా ఉందా?"

గడ వేసేవాడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ వేశాడు. గంట కిక్కిసలోకి వెళ్ళేదాకా మోగుతూనే ఉంది. ఆమె చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని అక్కడే నుంచుంది.

నా పక్కన మామ్మ, నీళ్ళవైపే చూస్తూ, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

"దారిలో ఉందమ్మా."